చెరో గడియారం

మా బుల్లికి,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. రెండుసార్లు కలం తీసి మళ్ళీ మూత పెట్టాను. మూడోసారి మీ వదిన చూసి, "రాస్తే రాయండి, లేకపోతే ఆ కలం నాకివ్వండి, సరుకుల చీటీ రాసుకుంటాను" అంది. ఆవిడ చేతికి వెళ్ళిన కలం తిరిగిరాదు. అందుకని రాస్తున్నాను.

నీ శిష్యురాలు నీ పాత పనంతా పుస్తకంగా వేస్తోందనీ, మొదటిసారి పంపి తిరిగొచ్చిన థీసిస్ నా పెట్టెలో ఉంటే పంపమనీ అడిగావు. ఉంది. మూడో కార్బను కాపీ. కానీ నీ రాతప్రతి నీ దగ్గరే ఉంది కదా, ఆ అమ్మాయి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. అది ఆ అమ్మాయి నోట వినేలోపు నా నోట విను.

మా ఆఫీసు పద్ధతి నీకు తెలుసు. మాటలు నేను టైపు మిషను మీద కొట్టి సమీకరణాలకు ఖాళీ వదిలేవాడిని. రాసినవాళ్ళు వచ్చి సిరాతో నింపుకునేవారు. గ్రీకు అక్షరాలున్న మిషను తెప్పిస్తున్నామని పెద్దగుమాస్తా నేను చేరిన రోజు చెప్పాడు, నేను రిటైరైన రోజూ చెప్పాడు. మధ్యలో ఒకసారి, ఖాళీల వల్ల కాగితం దండగవుతోందని, ఖాళీలు చిన్నవిగా వదలమని నోటీసు కూడా అంటించాడు. ఆ మహానుభావుడి కథ మొదలుపెడితే నా కథ చెప్పనవసరం ఉండదు. అందుకే ఆపుతున్నాను.

నీ విషయంలో ఆ పద్ధతి తప్పింది. సైకిలు మీంచి పడ్డావు, కుడి మణికట్టుకు కట్టు వేశారు. గడువు పంతొమ్మిది రోజులు. "నువ్వే నింపెయ్ అన్నయ్యా, ఎలాగూ నా రాత కన్నా నీ రాతే బాగుంటుంది" అన్నావు. అప్పటికి పద్నాలుగేళ్ళుగా ఇతరుల థీసిస్‌లు కొట్టి కొట్టి నాకూ కాస్త తెలుసుననే పొగరొకటి ఉండేది. నీది కొడుతూ ఇంకొంచెం నేర్చుకున్నాను. ఎలక్ట్రానూ, దానికి సరిగ్గా వ్యతిరేకమైన పాజిట్రానూ ఒకదాన్నొకటి పట్టుకుని కాసేపు జంటగా ఉంటాయి. తర్వాత రెండూ మాయమై వెలుగైపోతాయి. ఎదురెదురుగా తిరిగే జంటైతే మామూలుగా రెండు కాంతికణాలు; ఒకేవైపు తిరిగే జంటైతే మూడు, అదీ వెయ్యి రెట్లు ఆలస్యంగా. ఇది మీ వదినకు చెబితే, "ఎదురు తిరిగేవాళ్ళు తొందరగా పోతారన్నమాట. మరి మనమింకా ఉన్నామేమిటి?" అంది. ఆ ప్రశ్నకు నీ థీసిస్‌లో జవాబు దొరకలేదు.

ఇక మూడో అధ్యాయం. అందులో నువ్వు ఎలక్ట్రానుకొక కాలం, పాజిట్రానుకొక కాలం రాశావు. కాలం గుర్తు కింద ఒకచోట ఒకటి అంకె, ఒకచోట రెండు. నేనంతకు ముందు కొట్టినవాటిలో పరమాణువంతటికీ ఒకటే కాలం. ఒక ఇంట్లో కాపురముండే ఇద్దరికి చెరో గడియారమేమిటి, పిల్ల తొందరలో పొరపడిందనుకున్నాను. పదకొండు చోట్ల ఆ అంకెలు తీసేశాను. నువ్వు పక్కగదిలోనే ఉన్నావు. లేచి అడగలేదు.

నాలుగు నెలలకు థీసిస్ తిరిగొచ్చింది. లెక్క కొలతతో కలవడం లేదన్నారని చెప్పావు, అంతే. మళ్ళీ చేయడానికి రెండేళ్ళు పట్టింది. ఈలోగా నీకని అనుకున్న పరిశోధన ఉద్యోగం ఇంకొకరికి వెళ్ళింది, నువ్వు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయావు. మొదటిదాంట్లో అందరికీ తెలిసిందేనని వదిలేసిన సంగతి రెండోదాంట్లో వివరంగా రాశావు: సాపేక్షత ప్రకారం వేర్వేరు చోట్ల ఉన్న రెండింటికీ ఉమ్మడిగా ఒక 'ఇప్పుడు' ఉండదని, అందుకే చెరో కాలం ఇవ్వాలని. అది కొడుతూ చదివాను. ఆ పేజీ పూర్తి చేయడానికి సాయంత్రం దాకా పట్టింది.

ముప్పై ఎనిమిదేళ్ళయింది. ఎండవైపు గది నీకిచ్చాను, నాన్న పుస్తకాల బీరువా నీకొదిలేశాను, నీతో ఏ వాదనలోనూ గెలవలేదు. చూసినవాళ్ళు అన్నయ్యంటే ఇలా ఉండాలనేవారు. అది మంచితనం కాదు బుల్లీ, పదకొండు అంకెలు.

కాపీ పంపమంటావో పొయ్యిలో పెట్టమంటావో నువ్వే చెప్పు. పొయ్యిలో పెట్టాలని నాకూ అనిపించింది కానీ చేతులు రాలేదు. చాలా శుభ్రంగా కొట్టాను దాన్ని.

నీ ఉత్తరం కోసం చూస్తుండే
అన్నయ్య

అన్నయ్యా,

పొయ్యిలో పెట్టకు.

బైండరుకు ఇచ్చే ముందురోజే నేను చూశాను. పదకొండు కాదు, తొమ్మిది. నీ కాపీ మీదే ఎడంచేత్తో పెన్సిలు గుర్తులు పెట్టుకున్నాను. రెండు కాలాలూ ఒకటే అనుకున్నా మొదటి అంచనాకు ముప్పు లేదు. చాలామంది అలాగే మొదలుపెడతారు. తేడా వచ్చేది ఆ పై సవరణల్లో. నా లెక్క అంతదూరం వెళ్ళలేదు. అందుకని ఊరుకున్నాను.

థీసిస్ తిరిగొచ్చింది నా తప్పుకి. ఆ ఒకేవైపు తిరిగే జంట ఉత్తినే తిరుగుతూ కూర్చోదు. మధ్యమధ్య లిప్తపాటు మాయమై, మళ్ళీ జంటగా పుడుతుంది. ఆఖరున చావడం లెక్క వేశాను కానీ, మధ్యలో చచ్చి బతకడం వేయడం మరిచిపోయాను. రెండు రకాల జంటల శక్తుల మధ్య తేడా ఏడు పాళ్ళు రావలసిన చోట నాకు నాలుగే వచ్చింది. పరీక్షకుడి ఉత్తరం ఇందులో పెట్టాను, చదువుకో. కాలాల ఊసే లేదు.

ఇప్పుడు నా సంగతి. రెండో థీసిస్ కొట్టిన వారం నీ ముఖం చూసి నువ్వేమనుకుంటున్నావో కనిపెట్టాను. చెప్పేద్దామని వచ్చాను. అప్పుడే నువ్వు ఎండవైపు గదిలోంచి నీ మంచం లాగేస్తూ, "నీకు వెలుతురు కావాలి కదా" అన్నావు. నిజంగానే కావాలి. రేపు చెబుదామనుకున్నాను. తర్వాత బీరువా వచ్చింది. నా తప్పుకు ఇంట్లో ఇంకొకరు సిగ్గుపడుతుంటే ఎంత తేలిగ్గా ఉంటుందో నీకు తెలియదు. ఆ ఉద్యోగం ఎందుకు రాలేదని చుట్టాలడిగితే, ఒకటి రెండుసార్లు మాట్లాడకుండా నీ వైపు చూశాను. నువ్వు తల దించుకున్నావు. అది గుర్తుంది నాకు.

కోప్పడు. కాపీ మాత్రం పంపు. తప్పులతో సహా అచ్చు వేయమంటాను. తప్పు ఎవరిదో ముందుమాటలో నేనే రాస్తాను.

బుల్లి

బుల్లికి,

నీ ఉత్తరం మూడు రోజులు చొక్కా జేబులో పెట్టుకు తిరిగాను. కోపం వచ్చింది. రెండో రోజు మధ్యాహ్నం దాకా ఉంది. మీ వదినకు చదివి వినిపిస్తే, "అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒకేవైపు తిరిగే రకం. అందుకే ఇంత ఆలస్యమైంది" అంది. బీరువా తిరిగిస్తావేమో అడగమంది. అడిగాను.

పెట్టె తీసి, కళ్ళజోడు మార్చుకుని లెక్కపెట్టాను. తొమ్మిదే. ప్రతిదాని పక్కనా వంకర పెన్సిలు గీత ఉంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు.

ఈ పొద్దున కాపీని పార్సిలు కట్టి పోస్టాఫీసుకు పట్టుకెళ్ళాను. దారం వదులుగా ఉందని గుమాస్తా తీసుకోలేదు. ఇంటికొచ్చి ఇంకో చుట్టు కట్టి, మళ్ళీ వెళ్ళి ఇచ్చాను. రసీదు ఇచ్చాడు.

అన్నయ్య