డాక్టరు గారనకండి అన్నాను

1961 జూలై, ఆదివారం రాత్రి

గుంటూరు నుంచి వచ్చిన దగ్గర్నుంచీ మా మనవడు శామ్యూలు సరిగా తినడం లేదు. డాక్టరు చదువులో మొదటి ఏడే తప్పాడు. ఆ సంగతి ఇంట్లో తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు. నిన్న కాలవ గట్టున, "నేను లేకపోతే మీకీ తలవంపులు ఉండవు తాతా" అన్నాడు.

ఇవాళ చర్చిలో అయ్యగారు ఎప్పటిలాగే, "మన డాక్టరు గారు లేవండి, ప్రార్థన చేద్దాం" అన్నారు. వాడు లేచాడు. చర్చిలో ఏనాడూ నోరు విప్పని నేను కూడా లేచి నిలబడ్డాను.

"అయ్యగారూ, మావాడు పరీక్ష తప్పాడండి. డాక్టరు గారనకండి. వీడి ప్రాణం నిలవాలని ప్రార్థన చెయ్యండి."

వాడు బయటికి పరుగెత్తాడు. కాలవ దాకా వెంటపడి చొక్కా పట్టుకున్నాను.

"నా పరువు తీశావు తాతా!"

"తీశాన్రా. తిట్టు, కొట్టు. నువ్వు మాత్రం ఉండు."

ఏడ్చాడు. ఇంటికైతే వచ్చాడు కానీ మాట్లాడడం లేదు. నేను చేసింది మంచో చెడో. రేపు బందరు ఆసుపత్రికి తీసుకెళ్లాలని ఉంది. ఏం జబ్బని చెప్పను?

పక్కనే చాప వేసుకుని, ఎడమ చేత్తో వాడి చెయ్యి పట్టుకుని ఇది రాస్తున్నాను. విడిపించుకోలేదు. నిద్రా పోలేదు.