చల్లటి కొసకు చేరిన ఈగలు

మంగళవారం, కోరుట్ల

ఇవాళ కాలేజీ ల్యాబులో మళ్లీ అదే జరిగింది. గాజు గొట్టానికి ఒక కొస వేడి, ఇంకో కొస చల్లన. ఎప్పుడూ నడుమ ఆగే పండ్ల ఈగలు చల్లటి కొసకే పోయి వాలాయి.

వాటి మేతకు కల్లు తెచ్చే మల్లయ్యను నిలదీశాను. "చెట్ల దిక్కు పోతే పోలీసోళ్లు ఆపుతున్నరు సారూ, అడవిల అన్నలకు బువ్వ మోస్తున్నవంటరు. గిది దుకాణం కల్లు, మత్తుమందు కలిపింది," అన్నాడు.

ఆ మందు వాటి మెదడులో ఏ రసాయనాన్ని కదిలించి, అవి ఇష్టపడే వేడినే మార్చేసిందో!

నెల రోజులుగా సాయంత్రం అదే కల్లు సీసాలోంచి నేనూ ఒక గ్లాసు తాగుతున్నాను. "గీ చలిల గచ్చు మీద పండుడేంది?" అని ఇందాక మా ఆవిడ అడిగితే, ఉక్కగా ఉందని కసిరాను.

ఇది పుష్యమాసం. గచ్చు ఇంకొంచెం చల్లగా ఉంటే బాగుండుననిపిస్తోంది.