ఎల్లయ్య ముఖం, గాలి కుంచె

12 జూన్ 1983

ఇందుమూలముగా సమస్త ప్రజానీకానికి, ముఖ్యముగా నా భార్య సుగుణకు తెలియజేయడమేమనగా — నేటి నుండి ఈ ఫోటో స్టూడియోలో కుంచె మొనను నాలుకతో తడుపుట శాశ్వతముగా రద్దు చేయబడినది. ఇన్నేళ్లూ చచ్చినవాళ్ల మీసాలు, బతికినవాళ్ల కనుబొమ్మలు దిద్ది దిద్ది నల్లబడిన నా నాలుక ఈ రోజుతో రిటైరు.

కారణం — ఎయిర్ బ్రష్. బామ్మర్ది సత్తయ్య తెచ్చాడు. కాజీపేటలో రైల్వే నౌకరీ, డ్యూటీ మీద బొంబాయి పోయాడు. పెన్ను అంత ఉంది. నెత్తిన రంగు పోసే చిన్న గిన్నె, తోకకు గాలి గొట్టం. మీట నొక్కితే రంగు పొగలా వస్తుంది. గీత పడదు, అంచు కనపడదు. ముసలి బుగ్గ మీద ఊదితే ముడతలు మాయం.

సుగుణతో చెప్పాను, నాలుకకు సెలవిచ్చానని.

"పనికేనా... ముచ్చట్లకు సుత ఇచ్చినవా?" అంది.

13 జూన్

గాలి ఎక్కడిది? గాలి మిషను లేదు. సత్తయ్యే ఉపాయం చెప్పాడు — లారీ ట్యూబు నింపి దానికి గొట్టం తగిలించడం. భుజాన ట్యూబు వేసుకుని చౌరస్తా దాటి సైకిల్ షాపుకు పోయి గాలి కొట్టించుకొస్తున్నా. దారి పొడుగునా ఒకటే మాట: "ఏం కొమురన్నా, బాయిల ఈతకా?"

అవును బిడ్డా. నువ్వు మునిగితే తీద్దామని.

15 జూన్

చెయ్యి తిరగాలి కదా. పక్కింటామె తెల్లకోడి గోడెక్కి కూర్చుంది... బూడిద రంగు ఊదాను. రెక్కల మీద మంచి షేడ్ వచ్చింది. పక్కింటామె పొద్దుగూకేదాకా "నా తెల్లకోడేదమ్మా" అని వాడంతా తిరిగింది, కోడేమో ఆమె వెనకాలే తిరిగింది. నేనూ వెతికాను, సాయంగా.

16 జూన్

వాన. కోడి తెల్లబడింది. సుగుణ నాతో మాట్లాడటం లేదు.

18 జూన్

కాశిబుగ్గ నుంచి నర్సవ్వ వచ్చింది. మగ్గం నేసే ఎల్లయ్య భార్య. ఎల్లయ్య పోయి ఏడాది కావస్తోంది. ఏడాది మాసికం నాటికి గోడకు పటం కావాలి.

"పాత ఫోటో ఇయ్యి చెల్లె, పెద్దగ చేస్త."

"లేదన్నా. ఒక్కటి సుత లేదు."

పెళ్లినాటిదీ లేదు. అడిగినప్పుడల్లా "అద్దం ఉండంగ ఫోటో ఎందుకే" అనేవాడట.

నవ్విద్దామని మా కోటు సంగతి ఎత్తుకున్నా. స్టూడియోలో ఉన్నది ఒకటే కోటు. వరంగల్ పెద్దమనుషుల్లో సగం మంది అది తొడుక్కునే స్వర్గానికి పోయారు. పైన యముడి భటులు దాన్ని యూనిఫారం అనుకుంటుండాలి... అని ఇంకా ఏదో అనబోతున్నా.

"కండ్లు మూసుకుంటే గొంతు ఇనవడ్తది అన్నా. దగ్గు ఇనవడ్తది. మొఖమే వస్తలేదు. మొన్నటి బతుకమ్మ దాక వచ్చేది."

కోటు మాట సగంలోనే మింగేశాను.

19 జూన్

ఫోటో లేకుండా పోయినవాళ్లకు మా దగ్గర ఒక పద్ధతి ఉంది. కొడుకు కళ్లు, తమ్ముడి ముక్కు, మా కోటు. కలిపి కుట్టడమే. కానీ ఎల్లయ్యకు కొడుకులు లేరు. ఒక్క బిడ్డ, అదీ తల్లి పోలిక. అన్నదమ్ములు లేరు. ఉన్నది అక్క లచ్చవ్వ ఒక్కతే. "మా తమ్ముడు అచ్చం నా తీర్గనే ఉంటుండె" అని ఆమే చెప్పింది, ఛాతీ విరుచుకుని.

అయితే లచ్చవ్వే దిక్కు.

21 జూన్

లచ్చవ్వను కూర్చోబెట్టి ఫోటో తీశా. ఎందుకో పూర్తిగా చెప్పలేదు... పోలిక చూడ్డానికి అన్నాను. పెద్దది చేసి, కొప్పు మీద తెల్లరంగు ఊది చెరిపేశా. ముక్కుపుల్ల పోయింది. క్రాఫు వచ్చింది. కోటు వచ్చింది. మీసం ఎంత మెత్తగా కుదిరిందంటే చేత్తో దువ్వాలనిపించేంత.

సుగుణ వచ్చి చూసింది. కోడి తర్వాత మొదటి మాట:

"లచ్చవ్వకు గీ వయసుల పోలీసు నౌకరి దొరికిందా?"

22 జూన్

ఇద్దరూ వచ్చారు. లచ్చవ్వ పటం ముందు నిలబడింది. చాలాసేపు. నాకు పొగడ్త వస్తుందనే అనిపించింది.

"ఓరి కొమురిగా... ఆడిదానికి మీసాలు పెడ్తవార నువ్వు? నా మనుమరాండ్లు చూస్తె ఏమంటరు?"

నర్సవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందనుకుని నీళ్లు తెచ్చాను. నవ్వు... తర్వాత అదే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"మా వదినె బాగనే వచ్చింది అన్నా. మా ఆయనేడి?"

లచ్చవ్వ చెప్పులు చప్పుడు చేసుకుంటూ వెళ్లిపోయింది. ఆ మీసం ఆమె ఈ జన్మకు మరిచిపోదు.

24 జూన్

ట్యూబు పంచరు. పని లేదు. "మా ఆయనేడి" చెవిలోంచి పోవడం లేదు.

26 జూన్

ఇంకొకరి ముఖం అరువు తేవడం మానేశాను. తెల్లకాగితం బల్ల మీద పరిచి, నర్సవ్వను పక్కన కూర్చోబెట్టా.

"నాకు యాదికే లేదంటినిగద, ఏం చెప్పన్నా?"

"ఎట్లుంటడో చెప్పకు. ఏది కాదో చెప్పు. చాలు."

కుంచెతో ఈ పని కాదు. గీత గీస్తే అది ముఖం అయిపోతుంది, వద్దనడానికి అవతలివాళ్లకు మొహమాటం. ఈ గాలి కుంచెతో అయితే ముందు ఉత్త పొగ. పొగలోంచి నుదురు. "గంత ఎడల్పు కాదు." తెల్లరంగు ఊదితే నుదురు వెనక్కి పోతుంది. మళ్లీ. "ముక్కు... జర కిందికి. ఇంక జర. ఊహూ, గది నీ ముక్కన్నా." నిజమే, నాదే. చెరిపేశా. బుగ్గలు లోపలికి. గడ్డం మీద రెండు రోజులు గీయని నలుపు ఊదితే ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే అవునని లెక్క.

ఒక కన్ను అయింది. రెండోది మొదలుపెట్టేసరికి ట్యూబులో గాలి అయిపోయింది. ఎల్లయ్యను ఒంటికన్నుతో వదిలేసి, ట్యూబు భుజానేసుకుని సైకిల్ షాపుకు పరుగు. తిరిగొచ్చేసరికి లోపల మాటలు వినిపిస్తున్నాయి. గుమ్మంలోనే ఆగాను.

నర్సవ్వ పటాన్ని తిడుతోంది.

"ఏం జూస్తాన్నవ్? కూరల ఉప్పెక్కువైతె గిట్లనే చూసెటోనివి. నోరు తెరిచి ఒక్క మాట అననైతివి."

రెండో కన్ను దానంతట అదే వచ్చినట్టు వచ్చింది. ఇంకా పెదవి కింద కొంచెం నీడ వేద్దామని వంగాను.

"ఆపన్నా. ఇగ ముట్టకు."

కోటు వేయలేదు. వద్దంది.

28 జూన్

నర్సవ్వ పటం తీసుకుపోవడానికి వచ్చింది. లచ్చవ్వా వెంట వచ్చింది. పటం వంక తల తిప్పీ తిప్పకముందే తీర్పు:

"కాదు. మా తమ్ముని గదుమ గిట్ల లేదు. మా తమ్ముని చెవులు గిట్ల లేవు. ఎవన్నో దింపిండు గీ కొమురిగాడు."

మీసాల కసి. నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. కానీ తర్వాత అన్న మాట కసి కాదు, కత్తి.

"గీ పటం గోడకెక్కితె నేను ఏడాదికి రాను."

పెద్ద ఆడబిడ్డ రాకపోతే కులంలో ఒక్కరూ విస్తరి ముందు కూర్చోరు. నర్సవ్వ పటం గుండెకు పెట్టుకుని నిలబడింది. ఎదురు చెబుతుందనుకున్నా. పటం వంచి చూసుకుంది, మళ్లీ చూసుకుంది...

"అన్నా, నేనే తప్పు జెప్పిన్నా? యాదికొచ్చిందనుకున్న. రాలేదా?"

అప్పుడు చెప్పాను.

ఎల్లయ్యను నేను చూశాను. చాలా ఏళ్ల కింద ఒక వానాకాలం, ఈ స్టూడియోకే వచ్చాడు. ఉతికిన తెల్లచొక్కా, నూనె పెట్టి దువ్విన తల, జేబులో గులాబి పువ్వు. ఇదే స్టూలు మీద కూర్చున్నాడు. నేను కెమెరా నల్లగుడ్డలో తల దూర్చి చూశాను. వెనక అద్దం మీద మనిషి తలకిందులుగా కనపడతాడు. కళ్లు, ముక్కు, మాసిన గడ్డం, అన్నీ చూసుకుని ప్లేటు పెడదామని గుడ్డలోంచి బయటకు వస్తే స్టూలు ఖాళీ. సిగ్గుపడి పోయాడు. ఈ ముఖమే. తలకిందులుగా చూశాను కనుక అప్పుడు పోల్చుకోలేదు, నిన్న ఎండబెట్టడానికి పటం తిప్పి పెట్టినప్పుడు గుర్తొచ్చింది.



"పువ్వు పెట్టుకున్నడా మా తమ్ముడు?" అంది లచ్చవ్వ. గొంతు మారింది. స్టూలు దగ్గరికి పోయి చేత్తో తడిమింది. "గా సిగ్గు మావోనిదే. పెండ్లిచూపులల్ల సుత గట్లనే లేచి ఉరికిండు."

పటాన్ని ఆమే ఎత్తుకుని రిక్షా ఎక్కింది.

3 జూలై

ఏడాది జరిగింది. వాడకట్టు అంతా వచ్చారు. ఎల్లయ్య గోడ మీద, బంతిపూల దండలో, ఉప్పెక్కువైన చూపుతో. నేనూ సుగుణా పంక్తిలో కూర్చున్నాం. లచ్చవ్వ వచ్చినవాళ్లందరికీ కథ చెబుతోంది. మధ్యాహ్నానికి గులాబి రెండయింది. చివరి పంక్తి లేచేసరికి ఎల్లయ్య సెంటు కూడా కొట్టుకున్నాడు.

కడుపునిండా తిన్నా. నా చేతికి నేనే మొక్కుకున్నా.

5 జూలై

నర్సవ్వ ఒక్కతే వచ్చింది. కూర్చోలేదు.

"పటం ఎట్లుంది చెల్లె?"

"గోడ దిక్కు తిప్పి పెట్టిన."

"ఎందుకే?"

"జేబుల పువ్వెక్కడిదన్నా?"

కడిగిన రంగు గిన్నెనే మళ్లీ కడిగాను.

"మా ఇంట్ల గులాబి చెట్టు లేదు. నా తల్ల పెట్టనీకి ఏనాడు ఒక పువ్వు తేలేదు. నాతోని రమ్మంటె అద్దం ఉన్నదనెటోడు. ఒక్కడే తల దువ్వుకొని, పువ్వు పెట్టుకొని నీ దగ్గరికి ఎందుకొచ్చిండు? గా ఫోటో ఎవలికియ్యనీకి?"

"దారిల దొరికిందేమో పువ్వు..."

"ఏ దారి అన్నా? చెప్పు, నేను సుత పోత."

వాకిట్లో ఎవరన్నా ఆడమనిషి నిలబడి ఉందా, యాది చేసుకో అంది. గురువారం వస్తానంది. పోతూ పోతూ స్టూలు వంక చూసిన చూపు... ఆ స్టూలు కూడా తప్పు చేసినట్టే అయింది.

6 జూలై

సుగుణకు అంతా చెప్పాను. నవ్వుతుందనుకున్నా.

"ఊదుడు నేర్చినవ్ గని ఆపుడు నేర్వలేదు," అంది. అన్నం పెట్టి లోపలికి పోయింది.

నిజమే. సిగ్గుపడి పోయాడన్నంత వరకు చాలు. పువ్వు ఎందుకు పెట్టాను? మా దగ్గర ఫోటో దిగే ప్రతి మగవాడి జేబులో ఒకటి ఊదేస్తాను, అలవాటు. చెయ్యి ఆగలేదు.

7 జూలై, గురువారం

పొద్దుటి నుంచి గిరాకీని చూడటం లేదు, తలుపునే చూస్తున్నా.

పువ్వు అబద్ధం అంటే, మిగతాది? ఒక్క దారం లాగితే కథంతా ఊడి వస్తుంది, కథతో పాటు ఆ ముఖం కూడా. లచ్చవ్వ మళ్లీ "కాదు" అంటుంది. నర్సవ్వ కళ్లు మూసుకుంటే మళ్లీ ఉత్త దగ్గే. చెప్పకపోతే... నలభై ఏళ్లు మగ్గం గుంటలోంచి లేవని మనిషి, చచ్చాక చెడిపోయినట్టు. వాకిట్లో ఆడమనిషిని పెట్టాలా? అక్కనో చెల్లెనో చేయవచ్చు... లచ్చవ్వే తోడు వచ్చిందంటే? ఆమెను అడిగితే అవుననే అంటుంది, ఇప్పటికే సెంటు కొట్టింది కదా.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. రెండు జతలు. ఇద్దరూ వస్తున్నారు. ఇంకా ఏం చెప్పాలో తేల్చుకోలేదు.

డైరీ, నీకు మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నా, త్వరగా — పువ్వే కాదు, ఎల్లయ్య కూడా ఈ స్టూడియోకు ఏనాడూ రాలేదు. ఆ మనిషిని నేను తలకిందులుగా కాదు కదా, నిలువుగా కూడా చూసి ఎరుగను.