కింది హాలుకు తాళం

వేములవాడ,
జూలై 3.

బాపూ,

నీ పెద్దబిడ్డ సృజన దండం పెట్టి రాస్తున్నాను. ఖానాపూర్‌లో వానలు బాగా పడుతున్నాయని చెల్లె మమత చెప్పింది. నీతో కూడా ఫోన్‌లోనే మాట్లాడేదాన్ని. కానీ సిరిసిల్లలో పదేళ్ళు నడిపిన సాంచాల, ఆ మరమగ్గాల చప్పుడు నీ చెవుల్ని ఏనాడో తినేసింది. నేను అరిచి చెబితే నీకు తప్ప వాడకట్టు మొత్తానికీ వినబడుతుంది. ఇది వాడకట్టు వినాల్సిన సంగతి కాదు, మమత నీ చెవి దగ్గర నోరుపెట్టి చదివి వినిపిస్తుంది. తన ఇంట్లో నీ తుంటి ఎముక అతికేదాకా నిన్ను పరేషాన్ చేయొద్దని మమత గట్టిగా చెప్పింది. రెండు నెలలు ఓర్చుకున్నాను, ఇక నావల్ల కాక రాస్తున్నాను.

మన లాడ్జిని మున్సిపాలిటీ వాళ్ళు మళ్ళీ కొలిచి పన్ను మార్చారు. నిరుడు కట్టినదానికి దాదాపు ఆరింతలు. నోటీసు తలకిందులుగా పట్టుకున్నానేమోనని తిప్పి కూడా చూశాను. పై ఎనిమిది గదులకు వేశారంటే సరే, అవి కిరాయికి ఇచ్చేవే. కింది హాలుకు కూడా అదే లెక్కన వేశారు. పన్నులో సగం హాలుదే. బస్టాండు దగ్గర లిఫ్టులున్న హోటళ్ళు లేచినప్పటి నుంచి మన గదులు సోమవారాలు తప్ప నిండడం లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అని బళ్ళో చదువుకున్నాం కదా, అదే ఇది. ఇంత పన్ను కడితే లాడ్జి నిలవదు. నీ పెద్దల్లుడు సదానందం అప్పుడే మస్కట్ వీసా గురించి ఏజెంటు చుట్టూ తిరుగుతున్నాడు.

నేను అర్జీ పెట్టాను. కింది హాలుకు కిరాయి లేదని, రాజన్న గుడిలో కోడెను కట్టే మొక్కు తీర్చుకోవడానికి వచ్చి గది తీసుకోలేని వాళ్ళు అక్కడ ఒక రాత్రి నిద్ర చేసి పోతారని, ఇరవై రెండేళ్ళుగా ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదని రాశాను. ఎందుకో కూడా రాశాను. ఏడాది నిండని నన్ను జ్వరంతో ఎత్తుకొని నువ్వూ నా కన్నతల్లి అవ్వా ఇదే ఊళ్ళో మూడు సత్రాలు తిరిగి, ఎక్కడా చోటు దొరక్క, చెప్పుల దుకాణం చూరు కింద వానలో నిలబడ్డారని. మస్కట్‌లో పన్నెండేళ్ళు పనిచేసి వచ్చి లాడ్జి కట్టినప్పుడు బోర్డు మీద అవ్వ పేరు రాయించి, కింద హాలు వదిలావని. అది రాస్తుంటే ఏడుపొచ్చింది. ఆఫీసు బయట అర్జీలు రాసే భానుప్రసాద్ ఆ పేరా మొత్తం కొట్టేశాడు. "అక్కా, గిది అర్జీ, ఒగ్గుకథ గాదు" అన్నాడు.

విచారణకు పిలిచిన ఆఫీసరు మంచివాడే. కుర్చీ వేయించాడు, నేను చెప్పిందంతా విన్నాడు. విని ఒక్కటే అడిగాడు.

"గట్లనే అనుకుందామమ్మా. హాలుల పండుకున్నోళ్ళ రిజిస్టరేది?"

రిజిస్టరు లేదు బాపూ. పై గదుల వాళ్ళను ఆధార్ అడుగుతాం, సంతకం పెట్టిస్తాం. కింది హాలుకు నువ్వే పెట్టనీయలేదు. "నిద్ర చెయ్య వచ్చినోని పేరు మనకెందుకు బిడ్డా, దేవునికి తెల్వదా" అన్నావు. దేవుడికి తెలుసు, కానీ ఆఫీసుకు వచ్చి సాక్ష్యం చెప్పడు కదా. ఇన్నేళ్ళలో అక్కడ పడుకున్న వేలమందిలో ఒక్కరి పేరు కూడా నా దగ్గర లేదు. "రుజువు లేకుండ నన్నేం రాయమంటవమ్మా?" అన్నాడు ఆయన. నిజమే, ఏం రాస్తాడు. పదిహేను రోజుల గడువిచ్చాడు. నాకు ఏ దారీ తోచడం లేదు. నీ మీద కోపం కూడా వస్తున్నది. రాయకూడదు, కానీ వస్తున్నది.

నీ పెద్దబిడ్డ,
సృజన

*

వేములవాడ,
ఆగస్టు 2.

బాపూ,

అర్జీ గెలిచాం. హాలు మీది పన్ను తీసేశారు. సంతోషపడకు, ముందు ఈ ఉత్తరం చివరిదాకా విను.

"ఎట్లనన్న కానీ, హాలు మాత్రం బందు వెట్టకు" అని మమతతో ఫోన్‌లో చెప్పించావు. ఆ ఒక్క మాటా నేను నిలబెట్టలేదు. భానుప్రసాద్ దారి చూపించాడు. "ధర్మానికి ఇచ్చినం అంటే రుజువడుగుతరు అక్కా. ఖాళీగున్నది, వాడుతలేం అంటే వచ్చి సూసి పోతరు. తాళమెయ్యి" అన్నాడు. పాత అర్జీ వెనక్కి తీసుకొని, హాలు చాలా కాలంగా వాడకంలో లేదని రాసిన కాగితం మీద సంతకం పెట్టాను. చాపలు మిద్దె మీదికి చేర్చాం. మంచినీళ్ళ గోలెం పక్కింట్లో పెట్టాం. దుమ్ము కనబడాలని ఊడవడం మానేశాను. శనివారం తాళం వేశాను.

చూడడానికి సోమవారం వస్తానన్నాడు ఆఫీసరు. "ఖాళీదో కాదో సోమారమే తెలుస్తది" అన్నాడు. తెలివైనవాడు. ఆదివారం సాయంత్రం నుంచి జనం రాసాగారు. తెలిసినవాళ్ళు నేరుగా కింది తలుపు దగ్గరికి వెళ్ళి, తాళం పట్టుకొని చూసి, తిరిగి వెళ్ళిపోయారు. ఒక్కరూ పైకి వచ్చి నన్ను అడగలేదు. కిరాయి ఇవ్వనివాళ్ళం, ఏమని అడుగుతాం అనుకున్నారేమో. నేను పై కిటికీ దగ్గరే నిలబడి ఉన్నాను.

సోమవారం పది గంటలకు ఆఫీసరు వచ్చాడు. తాళం తీసి చూపించాను. ఆయన గోడలవైపు చూస్తుండగా గుమ్మంలోకి ఒకామె వచ్చింది. చంకలో రెండేళ్ళ ఆడపిల్ల. ఒళ్ళు కాలుతున్నదని చూస్తేనే తెలుస్తున్నది. కళ్ళు మూతలు పడుతున్నాయి, తల ఆమె భుజం మీద నిలవడం లేదు. బయట చినుకులు మొదలయ్యాయి.

"ముసలయ్య లేడా అమ్మా?" అంది. "పెద్దపల్లి దిక్కు నుంచి వచ్చినం. కోడె గట్టి, ఇయ్యాల నిద్ర చేసి పోతం. పోయినేడు గూడ గీడనే ఉన్నం. గీ పిల్లకు గా కొక్కానికే తొట్టెల గట్టిన."

వేలు పెట్టి చూపించింది. ఆఫీసరు కొక్కెం వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. నేనేమంటానో అని ఆగాడు.

"ఈడ ఎవ్వలుండరమ్మా. వేరే లాడ్జి అనుకొని వచ్చినవ్" అన్నాను.

"గదేంది, పిల్లకు పాలు కాగవెట్టిచ్చింది నువ్వే గద."

"నేను గాదు."

ఆమె కాసేపు నా మొహంలోకి చూసింది. తిట్టలేదు. "నేనే మర్చిపోయిన్నేమో" అని తనే అంది. పిల్లను రెండో భుజం మీదికి మార్చుకొని, కొంగు కప్పి, వానలోకి దిగింది. నాకు ఆమె బాగా గుర్తుంది బాపూ. పాలు కాచింది నేనే. చక్కెర లేదంటే పక్కింటి నుంచి తెచ్చి మరీ వేశాను.

ఆఫీసరుకు అంతా అర్థమైంది. అర్థమై కూడా నా మీద జాలిపడి నేను చెప్పిందే రాసుకున్నాడు. నిన్న ఆర్డరు వచ్చింది, "నిరుపయోగంగా ఉన్న భాగం" అని ఉంది. సదానందం మిఠాయి తెచ్చాడు. నేను ముట్టలేదు. హాలు తెరిచినట్టు ఎప్పుడు తెలిసినా పాత పన్ను, పైన జరిమానా అట. అంటే ఇక తెరవడమన్నది లేదు. ఆ మూడు సత్రాల వాళ్ళను చిన్నప్పటి నుంచి తిట్టుకుంటూ పెరిగాను. నాలుగోది నేనే నడుపుతున్నాను. అద్దంలో చూసుకోబుద్ధి కావడం లేదు. నన్ను తిట్టు బాపూ, మమతతో రాయించైనా తిట్టు.

నీ బిడ్డ అని రాసుకోవడానికి సిగ్గుపడుతూ,
సృజన

*

ఖానాపూర్,
ఆగస్టు 9.

బిడ్డా సృజనా,

నేను చెప్తున్న, మమత రాస్తున్నది. చెప్పింది చెప్పినట్టే రాయి, సదువుకున్నోళ్ళ మాటలు కలపకు అన్న.

నీ ఉత్తరం మూడుమార్లు సదివిచ్చుకున్న. తిట్టుమన్నవ్. ఎట్ల తిట్టాలె. రిజిస్టరు వెట్టనియ్యంది నేను. మంచి పనికి రాత కోత ఎందుకని గర్వపడ్డ. గా గర్వమే ఇయ్యాల నీ నెత్తిన వడ్డది.

పొద్దుగాల కర్ర వట్టుకొని పోస్టాఫీసుకు పోయిన. ఆఫీసరు సారుకు రిజిస్ట్రీ పోస్టుల ఉత్తరమేసిన. బిల్డింగు నా పేరు మీదున్నది, నా సంతకం చెల్లుతది. హాలు ఖాళీగ లేదు, అండ్ల జనం పండుకుంటరు, నా బిడ్డ భయపడి అబద్ధమాడింది, పన్నెంతుంటే గంత ఎయ్యిండ్రి అని రాయిచ్చిన. జరిమాన గూడ ఎయ్యుమన్న. కట్టలేమని నాకెరుకే. లాడ్జి అమ్ముడువడ్తది. సదానందం మస్కట్ పోతనంటే నేను ఆపను, నేనూ పోయొచ్చినోన్నే. మీ అవ్వ పేరున్న బోర్డు దించేటప్పుడు మాత్రం నన్ను పిలువకు. నాకు చూడ చాతగాదు.

తాళం తియ్యి. అమ్ముడువోయే దినం దాక హాలు తెరిచుండాలె.

ఒక్కటే అడుగుత బిడ్డా. పన్ను రాసినవ్, ఆఫీసరును రాసినవ్, మిఠాయి గూడ రాసినవ్. గా పిల్లనెత్తుకొని గామె వానల ఎటు పోయిందో రాయలే. మమతను మళ్ళ సదువుమన్న, ఏడ లేదన్నది. పెద్దపల్లి దిక్కన్నది గద. పో. ఊరూరు తిరిగైన దేవులాడు. పిల్ల బతికున్నదా చూసి రా.

గీసారి పేరడుగు. గామె పేరు, పిల్ల పేరు, రెండూ రాసి పంపు.

మీ బాపు,
హనుమండ్లు