పడ్డ మనిషిని లేపినందుకు

శ్రీను బాపూ,

నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. నువ్వు కన్నుమూసిన ఏడే, బోధన్ రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్ బడిపిల్లల ఆటో మీద పడింది. అంబులెన్సులో పనిచేసే మన కొడుకు శ్రీనే ఆ పసివాళ్ల శవాలను ఎత్తాడు. అప్పటి నుంచి సైరన్ వినబడితే వణికిపోతాడు. నిద్ర లేదు, ఉద్యోగం పోయింది.

నిన్న పింఛను కోసం, వికలాంగుల సర్టిఫికెట్ రాయించాలని నిజామాబాద్ ఆసుపత్రికి తీసుకుపోయాను. వరుసలో ఒక ముసలామె కుప్పకూలింది. అందరూ చూస్తూ నిలబడితే శ్రీను ఒక్కడే ఉరికాడు. ఛాతీ నొక్కి ఆమెను బతికించాడు. సర్టిఫికెట్ రాసే డాక్టరూ చూశాడు.

"గింత మంచిగున్నోనికి సర్టిఫికెట్ ఎందుకవ్వా?" అన్నాడు.

"కాలిరిగితెనే నీ కండ్లకు కనవడతదా సారూ? మా ఇంట్ల ఒక్క రాత్రి పండుకొని సూడు!" అన్నాను.

నవ్వి, సర్టిఫికెట్ రాయకుండానే వెనకాలవాళ్లను పిలిచాడు.

ఇంటికొచ్చాక శ్రీను అన్నం ముట్టలేదు. పొద్దున మెల్లగా అడిగాడు: "మల్ల పోయినప్పుడు ఎవలన్న పడితే, లేవకుండ కూసోవాల్నా అవ్వా?"

నా నోటికి ఊరంతా భయపడుతుంది కదా. అయినా వాడికేం చెప్పాలో నిన్నే అడుగుతున్నాను, శ్రీను బాపూ.