రెండు పెట్టెల పడవ

జూలై 14, పైతా రేవు
మా అబ్బాయి అనీబల్ మళ్లీ పడవేసుకుని స్క్విడ్ వేటకి పోయాడు, మరో ఇద్దర్ని వెంటేసుకుని. ఎటు పోతున్నాడో తల్లికీ చెప్పడు, పెళ్లానికీ చెప్పడు. ఫోన్‌లో మ్యాపు మీద వాడి పడవ ఆకుపచ్చ చుక్కై కదిలితేనే మాకు తెలిసేది.

జూలై 17
కోడలు ఇర్మా ఆ చుక్కకి దండం పెడుతోంది. ఫిజిక్స్ చెప్పి బతికినదాన్ని, ఊరుకోలేకపోయాను. పడవ కప్పు మీది పెట్టె ఉపగ్రహాల సిగ్నల్ విని తానెక్కడుందో లెక్క కట్టుకుంటుంది, ఆ లెక్కని ఒడ్డు దగ్గరైతే మొబైల్ టవర్‌కి, దూరమైతే ఇంకో ఉపగ్రహానికి చెబుతుంది, మధ్యలో మేరీమాతకి పనేమీ లేదన్నాను. అయితే ఆ పెట్టెనే కనిపెట్టుకుని ఉండమని ఆ తల్లికి మొక్కుతాను అత్తమ్మా అంది. తెలివైనదే.

జూలై 20
ఒకటే గాలి. రేవులోంచి పడవల్ని కదలనివ్వడం లేదు. మా చుక్క మాత్రం బుద్ధిగా ఇంటిదారి పట్టింది. ఇర్మా నిద్రపోయింది. నేనూ.

జూలై 21, ఉదయం
చుక్క రేవులోకొచ్చింది. జెట్టీకి పరుగెత్తాం. మాది పసుపు పడవ. వచ్చింది నీలం పడవ. తియోఫిలోది. వాడు నా మనవరాలికి బాప్తిస్మం నాటి జ్ఞానతండ్రి, ఒకప్పుడు నా క్లాసులో ఆఖరి బెంచీ. పడవ కప్పు మీద రెండు పెట్టెలు. ఒకటి వాడిది. రెండోది గోనెపట్టాతో కట్టి ఉంది.

మాది.

వేట నిషేధించిన నీళ్లలోకి పోతూ, నేవీ తెర మీద కనపడకూడదని అనీబల్ పెట్టె విప్పి వీడికిచ్చాడట. ఎండతో నడిచే పెట్టె, వైరు కూడా ఉండదు, రెండు బోల్టులు తీస్తే చాలు. మళ్లీ కలుద్దామనుకున్న చోటికి అనీబల్ రాలేదట.

"ముందే ఒడ్డుకి వచ్చేశాడనుకున్నా టీచరమ్మా" అన్నాడు తియోఫిలో.

వాడి చుక్కని నెత్తిన పెట్టుకుని ఎలా అనుకున్నావురా అని అడగాల్సింది.

అదే రోజు, పదింటికి
నేవీకి చెప్తానంటే ఇర్మా చెయ్యి పట్టుకుంది. లైసెన్సు పోతుంది, పడవ పట్టుకుంటారు, జైల్లో వేస్తారు, రేపటిదాకా చూద్దాం అంది. తియోఫిలోదీ అదే పాట, తన లైసెన్సు కోసం. నేవీ ఆఫీసుకి పోయి అంతా చెప్పేశాను. ఆఫీసరు తెర మీద మా పడవ రేవులో భద్రంగా ఉంది. ముసలిదానికి మతిపోయిందనుకున్నాడు. కిటికీ దగ్గరికి లాక్కెళ్లి నీలం పడవ చూపించాను.

జూలై 22
అనీబల్ ఫోను మొన్న ఒక్క క్షణం ఉత్తరాన ఒక టవర్‌కి తగిలిందట. టవర్ చుక్క చూపించదు. కేకు ముక్క కోసినట్టు సముద్రంలో ఓ ముక్క చూపిస్తుంది. అందులో వెతుకుతున్నారు.

జూలై 23
ఏమీ లేదు.

జూలై 24
ముగ్గురూ దొరికారు. నేవీ ఓడలోంచి అనీబల్ ఫోన్. గొంతు బొంగురుపోయింది.

"పెట్టె సంగతి ఎవరు చెప్పారు?"

నేనే అన్నాను. ఫోన్ పెట్టేశాడు.

బతికే ఉన్నాడు.