ఏడో అధ్యాయం విషయమై

అసూక్రోమ్,
14 సెప్టెంబరు 1986

టకొరాడీలో ఉన్న చెల్లెలు అడ్వోవాకు, అన్న క్వాసీ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేను, మీ వదిన, మేకలు, కోళ్ళు క్షేమం. నా ఎడమ మోకాలు మాత్రం ఈ ప్రకటన పరిధిలోకి రాదు. అక్కడ నువ్వు, పిల్లలు, మనవలు సుఖంగా ఉన్నారని నమ్ముతున్నాను.

నీ ఉత్తరంలోని ప్రశ్నలకు జవాబులు చిత్తగించు. వదిన దగ్గు తగ్గింది. నువ్వు పంపిన ఎండుచేపలు అందాయి. వాటి వాసన సోమవారం వచ్చింది, మూట మంగళవారం వచ్చింది. మన ఇంటి పెద్దరికానికి నీ కొడుకు అడూసెయ్ పేరు ఎత్తానా అని అడిగావు. ఎత్తాను. పెద్దలందరూ వెంటనే వర్షాల గురించి చర్చ మొదలుపెట్టారు. నా పేరు ఎత్తిన మూడుసార్లూ ఇలాగే వర్షాలు చర్చకు వచ్చాయి గనుక ఇది మన ఇంటి వాతావరణమే అనుకున్నాను.

ఇక అమ్మమ్మ ఫొటో పట్టణ చరిత్రలో అచ్చయిందా అన్నది నీ చివరి ప్రశ్న. ఆ పుస్తకం నేను రాస్తున్నది కాదు. అందుచేత ఈ జవాబుకు కొంత చోటు కావాలి.

పోయిన ఏడాది వరకు ఊళ్ళో చరిత్రకారుడి ఇల్లెక్కడ అంటే చంటిపిల్లలు కూడా మన గుమ్మం చూపించేవారు. ఇప్పుడు "ఏ చరిత్రకారుడు? మాస్టారా, ఆ అమ్మాయా?" అని ఎదురడుగుతున్నారు. ఆ అమ్మాయి పేరు ఫ్రెమా. వయసు ముప్పై ఒకటి. నేను ప్రధానోపాధ్యాయుడిగా దిగిపోయిన బడిలోనే నాలుగో తరగతికి చెబుతుంది. టేపు రికార్డరు ఉంది. వినయం ఉంది. ఈ రెండింటిలో నాకు ఏది ఎక్కువ బాధ కలిగించిందో తేల్చడానికి ఇంతవరకు ఏ సంఘమూ ఏర్పడలేదు.

నలభై ఎనిమిది పేజీల నా 'అసూక్రోమ్ చరిత్ర సంగ్రహం' కోసం ముప్పై ఏళ్ళు ముసలమ్మల ఇళ్ళ చుట్టూ తిరిగాను. ఊరంతా నానా అని గౌరవించే తొంభై ఏళ్ళ అంపోమా నాకు ఇచ్చిన సమాచారం మొత్తం ఒక పేజీ. ఆ పిల్లకు పదకొండు క్యాసెట్లు ఇచ్చింది. వెళ్ళి నిలదీశాను.

"నువ్వు కుర్చీ తెచ్చుకుని 'ఏ సంవత్సరం, ఏ సంవత్సరం' అని నా ప్రాణం తీస్తావురా క్వాసీ. నాకు సంవత్సరాలు వస్తే నీలాగే మాస్టర్ని అయ్యుండేదాన్ని. ఆ పిల్ల నేలమీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలిచిపెడుతూ 'అప్పుడు మీకు భయం వేసిందా నానా' అని అడిగింది. నన్ను అంతకుముందు ఎవడూ అడగలేదు."

"వేరుశనక్కాయలు నేనూ ఒలవగలను," అన్నాను.

"ఒలుస్తావు. ఒలిచి లెక్కపెడతావు," అంది.

అడ్వోవా, నాకు అసూయ కలిగింది. అన్నం సయించనంత కలిగింది. మీ వదిన ఫూఫూకి కర్రపెండలం దంచుతుంటే ఆ రోకటి పోటు కూడా ఫ్రెమా, ఫ్రెమా అన్నట్టు వినిపించేది.

ఫ్రెమా రాతప్రతి పూర్తిచేసి ఆమోదముద్ర కోసం పట్టణ చరిత్ర సంఘానికి పంపింది. సంఘానికి అధ్యక్షుడిని నేను. ముద్ర నా సొరుగులో ఉంటుంది. తప్పులు పట్టడానికి ఎర్ర పెన్సిల్ రెండు చివర్లా చెక్కి కూర్చున్నాను. దొరికింది ఒక్కటే: ఆరో అధ్యాయం తర్వాత ఎనిమిదో అధ్యాయం ఉంది. ఆ రోజు సుష్టుగా భోంచేశాను.

శనివారం ఉదయం బడి హాల్లో సమావేశం. నువ్వు పంపిన అమ్మమ్మ ఫొటోను అందరికీ ఎదురుగా గోడకు నేనే తగిలించాను.

"ఆరు తర్వాత ఎనిమిది. నా హయాంలో లెక్కలు ఇలా నేర్పలేదు," అన్నాను.

"ఏడు ఉంది మాస్టారూ. రాశాను. చూపించను," అంది ఫ్రెమా. "ఉన్నదాన్ని లేదనడం ఇష్టంలేక అంకె వదిలేశాను."

"అసంపూర్తి ప్రతికి ముద్ర వేయరాదని నాలుగో నిబంధన."

"ఆ నిబంధన రాసిందెవరు?"

"నేనే."

"అయితే మీరే కొట్టేయండి."

సభ్యులు నవ్వారు. నేను నవ్వలేదు. ఏడో అధ్యాయాన్ని తక్షణం దాఖలు చేయాలని ప్రతిపాదించాను. అప్పుడు నానా అంపోమా కర్ర నేలకు తాటించింది.

"ఒరేయ్, కూర్చో. జరిమానా కట్టడానికి నా దగ్గర గొర్రె లేదు."

ఒకరి పుట్టుపూర్వోత్తరాలు నలుగురిలో బయటపెట్టినవారు చీఫు గారి ఇంటికి గొర్రెను తోలాలన్న ఆచారం నీకు తెలుసు. మన ఊరి మర్యాదకు నిదర్శనంగా దాన్ని నా సంగ్రహంలో ఇరవై ఒకటో పేజీలో నేనే నమోదు చేశాను. కాబట్టి ఏడో అధ్యాయం ఎవరో పెద్దింటివారి గుట్టు అని గ్రహించి, ఆ ఇల్లు ఎవరిదా అని కుతూహలంగా చుట్టూ చూశాను. అందరూ నేలచూపులు చూస్తున్నారు.

"ముద్ర వద్దు మాస్టారూ. పుస్తకం వెనక్కి ఇచ్చేయండి," అంది ఫ్రెమా. రెండేళ్ళ శ్రమను ఆ పిల్ల అలా వదులుకుంది. గెలిచానని ఇంటికొచ్చాను.

ఇకపై రాసేది మీ వదినకు కూడా చెప్పలేదు. బడి బీరువా తాళంచెవి ఒకటి పదవితోపాటు అప్పగించడం మరచాను. సోమవారం ఆమె తరగతిలో ఎక్కాలు చెప్పిస్తుండగా వెనక గదిలో బీరువా తెరిచి ఏడో అధ్యాయం ఉన్న నోటుపుస్తకం తీశాను. దొంగతనం అనే మాటకు నా వాడుకలో వేరే మాట లేదు.

ఏడో అధ్యాయం మన అమ్మమ్మ.

మనకు తెలిసిన నానా అబ్రఫి ఈ ఇంట్లో పుట్టలేదు. ఉత్తరాన గడ్డిమైదానాల్లో గుర్రాల మీద వచ్చినవాళ్ళు ఊరు తగలబెట్టి పట్టుకుపోయిన పిల్ల. తొమ్మిదేళ్ళప్పుడు రెండు బుట్టల కోలా గింజలిచ్చి మన ముత్తాతగారనుకున్న పెద్దమనిషి కొన్నాడు. చెంపల మీద గీతలు చిన్నప్పటి జబ్బుకు పెట్టిన కాట్లని అమ్మ చెప్పేది గదా. అవి ఆమె ఊరి గుర్తు. ఆ చెంపలనే నేను పెద్దవి చేయించి గోడకు తగిలించాను. ఊరంతటికీ తెలుసు. ముప్పై ఏళ్ళు నాకు నోరు విప్పనిది నా మర్యాద కాపాడడానికి. నా ఒక్క సంగ్రహంలో ఈ సంగతి పడకుండా వాళ్ళు అంత కష్టపడ్డారు.

ఆమె అసలు పేరు లమీసి. పశువుల సంత రోజున ఉత్తరం నుంచి పశువులు తోలుకొచ్చేవాళ్ళతో ఆమె వాదులాడేది, జ్ఞాపకముందా? మాంసం ధరకు పేచీ అని మనం నవ్వేవాళ్ళం. తన అన్న జాడ అడిగేదట. నలభై ఏళ్ళు, వచ్చిన ప్రతివాణ్ణీ. ఇది ఆమె అంపోమాకు చెప్పుకుంది, అంపోమా ఫ్రెమాకు చెప్పింది. నేను చెయ్యి పట్టుకుని పక్కనే నిలబడేవాణ్ణి. ఏమడుగుతున్నావని ఒక్కసారీ అడగలేదు.

మధ్యాహ్నం బడి వదిలేదాకా ఆ గదిలోనే కూర్చుని, ఫ్రెమా రాగానే పుస్తకం, తాళంచెవి చేతిలో పెట్టాను. తిట్టలేదు. బల్ల మీద తల ఆనించి కాసేపు ఏడ్చింది. తర్వాత ముఖం తుడుచుకుని, "తప్పులేమైనా ఉన్నాయా మాస్టారూ?" అంది.

నాలుగో నిబంధనను నా ప్రతిపాదన మీదే రద్దుచేశాం. ముద్ర వేశాను. అయితే ఏడో అధ్యాయం అచ్చు వేయాలా వద్దా అన్నది నా చేతిలో లేదు. మనలో వంశం తల్లివైపే నడుస్తుంది గనుక నా పిల్లలది వాళ్ళ అమ్మ వంశం. వారికి దీనితో నిమిత్తం లేదు. అమ్మమ్మ రక్తం నడిచేది నీలో, నీ పిల్లల్లో. అచ్చయితే, కొని తెచ్చిన మనిషి సంతతికి పెద్దరికం ఇవ్వరు గనుక, అడూసెయ్ పేరు ఎత్తినప్పుడల్లా ఇక ఎప్పటికీ వర్షాలే కురుస్తాయి. అచ్చు కాకపోతే లమీసి అనే పేరు అంపోమాతో పోతుంది. అడూసెయ్‌తో మాట్లాడి నువ్వే నిర్ణయించు. వద్దంటే వద్దు, ఆరు తర్వాత ఎనిమిదే ఉంటుంది.

వేయమంటే, ఒక సంగతి. అది మన ఇంటి కథ కనుక నేనే రాయాలని ఫ్రెమా అంటోంది. కూర్చున్నాను. నాలుగు రోజులు రాశాను. నా దాంట్లో సంవత్సరాలన్నీ సరిగ్గా ఉన్నాయి, అమ్మమ్మ లేదు. ఆ పిల్ల రాసినదాంట్లో ఉంది. ఇప్పటికీ ఒళ్ళు మండుతూనే ఉంది, అడ్వోవా. అచ్చు వేస్తే ఆమె రాసినదే వేయాలి, ఒక్క అక్షరం కూడా నన్ను ముట్టనివ్వకుండా.

ఇట్లు,
జవాబు కోసం ఎదురుచూసే నీ అన్న
క్వాసీ